కుర్చీలో ముద్దాయి, తెర మీద న్యాయమూర్తి



2026 జనవరిలో హాలీవుడ్ నుంచి ‘మెర్సీ’ అనే సినిమా వచ్చింది. దర్శకుడు తిమూర్ బెక్‌మాంబెతోవ్. కథ జరిగేది 2029లో, లాస్ ఏంజెలెస్ నగరంలో. క్రిస్ రేవెన్ అనే పోలీసు డిటెక్టివ్ కళ్ళు తెరిచేసరికి ఒక కుర్చీకి కట్టేసి ఉంటాడు. ఎదురుగా పెద్ద తెర, తెర మీద ఒక స్త్రీ ముఖం. ఆవిడ పేరు మాడక్స్. ఆవిడే న్యాయమూర్తి. ఆవిడకు ఒళ్ళు లేదు, ఊపిరి లేదు. కృత్రిమ మేధతో తయారైన జడ్జి. భార్యను చంపాడని రేవెన్ మీద అభియోగం. పక్కన ప్లీడరు లేడు. జ్యూరీ లేదు. తీర్పు వచ్చాక పైకోర్టు లేదు. ఉన్నదల్లా తొంభై నిమిషాల గడువు, తెర మీద వెలుగుతున్న ఒక అంకె. అతను దోషి అయ్యే అవకాశం నూటికి 97 పైచిలుకని ఆ అంకె చెబుతుంది. గడువులోగా దాన్ని 92 కిందకి దించుకుంటే ప్రాణాలు దక్కుతాయి. దించుకోలేకపోతే శిక్ష అమలయ్యేది కూడా ఆ కుర్చీలోనే. ఇలాంటి కోర్టు రావాలని గట్టిగా కోరుకుని, దానికి మొదటి ముద్దాయిని అప్పగించినవాడు ఈ రేవెనే.

సినిమాగా అది ఎలా ఉందన్నది ఎవరి అభిరుచి వాళ్ళది. గడియారం ముల్లు పరిగెడుతుంటే మనమూ కుర్చీ అంచుకి జరుగుతాం. నేను మాట్లాడదలచింది మాత్రం ఆ అంకె గురించి. ఎందుకంటే ఆ అంకె సినిమాలో పుట్టింది కాదు. ఇలాంటి అంకెలు కోర్టు కాగితాల్లోకి వచ్చి చాలా ఏళ్ళయింది.

ముందు 92 దగ్గర కాస్త ఆగుదాం. యంత్రం నిజాయితీగా, ఏ పొరపాటూ లేకుండా లెక్క కట్టిందనే అనుకుందాం. సరిగ్గా 92 దగ్గర నిలిచిన ముద్దాయిలు వందమంది ఉన్నారనుకోండి. లెక్క నిజమే అయితే వాళ్ళలో ఎనిమిది మంది ఏ పాపమూ ఎరగనివాళ్ళు. ఆ ఎనిమిది మందినీ కుర్చీలోనే చంపేయవచ్చని ఆ కోర్టు ముందే ఒప్పుకున్నట్టు. పదిమంది దోషులు తప్పించుకున్నా పరవాలేదు, ఒక్క నిర్దోషికీ శిక్ష పడకూడదని పద్ధెనిమిదో శతాబ్దంలో ఇంగ్లండులో బ్లాక్‌స్టన్ రాశాడు. మన సినిమా కోర్టుల్లో ఆ పది వందయింది, భావం మాత్రం అదే. 92 అనే గీత ఆ సూత్రాన్ని తలకిందులు చేస్తోంది. ఆ గీత ఎవరు గీశారు, 95 దగ్గర ఎందుకు గీయలేదు, 99 దగ్గర ఎందుకు గీయలేదు అని సినిమాలో ఎవరూ అడగరు. ఆ తొంభై నిమిషాల్లో నాకు అన్నిటికన్నా భయం కలిగించింది ఆ అడగకపోవడమే.

ఇంకో సంగతి. అంకె 97 దగ్గర మొదలైంది. అంటే విచారణ మొదలవకముందే ముద్దాయి దోషి. కాదని రుజువు చేసుకోవాల్సింది అతనే. మన న్యాయశాస్త్రం దీనికి పూర్తిగా ఎదురు. నేరం చేశాడని రుజువు చేయాల్సిన బరువు ప్రాసిక్యూషన్ మీద ఉంటుంది. ఏ జిల్లా కోర్టులోనైనా సెషన్స్ కేసు విచారణ చూడండి. ప్రాసిక్యూషన్ సాక్షులు వరుసగా బోనెక్కుతారు, డిఫెన్సు ప్లీడరు ఒక్కొక్కరికీ అడ్డు ప్రశ్నలు వేస్తాడు. అదంతా అయ్యాక జడ్జి స్వయంగా ముద్దాయిని పిలిచి, ఫలానా సాక్షి నీ గురించి ఇలా చెప్పాడు, దీనికి నువ్వేమంటావు అని అతనికి అర్థమయ్యే భాషలో అడుగుతారు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో అది 313వ సెక్షను. 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 351వ సెక్షను. పాత ప్లీడర్లు ఇప్పటికీ త్రీ థర్టీన్ అనే అంటారు. ఆ సమయంలో ముద్దాయితో ప్రమాణం చేయించరు. జవాబు చెప్పకుండా ఊరుకుంటే అది నేరం కాదు. అబద్ధం చెప్పినా దానికి వేరే శిక్ష ఉండదు. చదువు రాని కూలి మనిషి కూడా జడ్జి కళ్ళలోకి చూసి, అయ్యా నాకేమీ తెలియదు అని ఒక్క మాట చెప్పి ఆగిపోవచ్చు. రుజువు చేయాల్సిన బాధ్యత అప్పటికీ అవతలివాళ్ళదే. మెర్సీ కోర్టులో ఊరుకున్నవాడు చచ్చిపోతాడు.

రేవెన్ ఊరుకోడు. ఊరుకోవాల్సిన అవసరం అతనికి లేదు కూడా. అతను డిటెక్టివ్. ఏ కెమెరా ఎక్కడుంటుందో, ఎవరి ఫోనులో ఏది వెతకాలో అతనికి తెలుసు. కుర్చీలో కూర్చునే నగరంలోని కెమెరాలన్నిటి దృశ్యాలనూ తెప్పించుకుని చూస్తాడు, తోటి పోలీసులను పరుగులు పెట్టిస్తాడు. కథకు అతను హీరో అయ్యాడు కాబట్టే ఆ కోర్టు మనకు భరించదగినదిగా కనిపిస్తుంది. అదే కుర్చీలో నైట్ వాచ్‌మన్ పని చేసే ఒక ముసలాయన కూర్చుంటే, ఇళ్ళల్లో పాచిపని చేసే అమ్మ కూర్చుంటే, ఆ తొంభై నిమిషాలు వాళ్ళు ఏం చేస్తారు? సినిమా రాసినవాళ్ళు ఆ మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి ఉంటే మరింత గొప్ప కథ అయ్యేది. థ్రిల్లర్ కాకపోయేదేమో, నిజం మాత్రం అయ్యేది.

ఇప్పుడు సినిమా పక్కన పెట్టి అమెరికాలోనే విస్కాన్సిన్ రాష్ట్రానికి వెళదాం. అక్కడ ఒక కాల్పుల ఘటనకు సంబంధించిన కేసులో ఒకాయన పట్టుబడ్డాడు. కాల్పులతో తనకు సంబంధం లేదన్నాడు. పోలీసులను తప్పించుకుపోవడం వంటి చిన్న అభియోగాలకు మాత్రం తప్పు ఒప్పుకున్నాడు. శిక్ష వేసేటప్పుడు జడ్జి ముందు ఒక నివేదిక ఉంది. ‘కాంపాస్’ అనే సాఫ్ట్‌వేర్ ఇచ్చిన స్కోరు అది. ఈ మనిషి మళ్ళీ నేరం చేసే ప్రమాదం ఎక్కువ అని అందులో ఉంది. ఆ స్కోరును కూడా ప్రస్తావించి జడ్జి ఆరేళ్ళ జైలు వేశారు. ఆ స్కోరు ఎలా వచ్చిందో చెప్పమని అతను అడిగాడు. అది మా వ్యాపార రహస్యం, చెప్పం అంది దాన్ని తయారు చేసిన కంపెనీ. కేసు రాష్ట్ర సుప్రీంకోర్టుకు వెళ్ళింది. స్టేట్ వర్సెస్ లూమిస్ అని న్యాయ విద్యార్థులు చదువుకునే కేసు ఇదే. 2016లో కోర్టు ఏమన్నదంటే, స్కోరును వాడుకోవచ్చు, కానీ శిక్షను తేల్చేది అదొక్కటే కాకూడదు, నివేదిక మీద హెచ్చరికలు రాయాలి అని. మరుసటి ఏడాది అమెరికా సుప్రీంకోర్టు ఈ కేసు వినడానికి ఒప్పుకోలేదు. తనకు పడ్డ శిక్షలో పాలు పంచుకున్న లెక్కను ఆ మనిషి చూడలేకపోయాడు.

కాంపాస్ ఏం అడుగుతుందో తెలిస్తే ఆశ్చర్యపోతారు. నూట ముప్పై ఏడు ప్రశ్నలు. కొన్నిటికి జవాబు పాత రికార్డుల నుంచి వస్తుంది, కొన్ని మనిషినే అడుగుతారు. మీ అమ్మో నాన్నో ఎప్పుడైనా జైలుకు వెళ్ళారా? మీ స్నేహితుల్లో మత్తుమందులు వాడేవాళ్ళు ఎంతమంది? ఆకలితో ఉన్నవాడికి దొంగిలించే హక్కు ఉందంటే ఒప్పుకుంటారా? ఒంటి రంగు గురించి ఒక్క ప్రశ్న కూడా లేదు. కానీ తండ్రి జైలుకు వెళ్ళాడా అన్న ప్రశ్న ఉంది. ఎవరి పేటలో పోలీసులు ఎక్కువ తిరుగుతారో, ఎవరి తండ్రులు ఎక్కువగా అరెస్టు అవుతారో అమెరికా చరిత్ర తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. తండ్రి చేసిన తప్పును కొడుకు స్కోరులో కలిపే లెక్క అది.

2016లోనే ‘ప్రొపబ్లికా’ అనే వార్తాసంస్థ పాత్రికేయులు ఫ్లోరిడాలోని బ్రవార్డ్ కౌంటీలో ఏడు వేల మందికి పైగా ఈ స్కోర్లు తెప్పించుకుని, ఆ తర్వాత రెండేళ్ళలో ఎవరు నిజంగా నేరం చేశారో ఒక్కొక్కటిగా సరిపోల్చారు. అందులో ఒక ఉదంతం వినండి. పద్ధెనిమిదేళ్ళ నల్లజాతి అమ్మాయి ఒకతె, స్నేహితురాలితో కలిసి వీధిలో ఉన్న పిల్లల సైకిలు, స్కూటర్ తీసుకుని కాస్త దూరం తొక్కింది. అవి చిన్న పిల్లాడివని అర్థమై అక్కడే పడేసి వెళుతుండగా పోలీసులు వచ్చారు. వస్తువుల విలువ ఎనభై డాలర్లు. అంతకు ముందు ఏడాది దాదాపు అంతే విలువైన సామాను దుకాణంలో దొంగిలించిన నలభయ్యొక్క ఏళ్ళ తెల్లజాతి మనిషి ఒకడున్నాడు. అతను అప్పటికే ఆయుధంతో చేసిన దోపిడీలకు అయిదేళ్ళు జైల్లో ఉండి వచ్చాడు. పదికి అమ్మాయి స్కోరు ఎనిమిది. అతని స్కోరు మూడు. రెండేళ్ళ తర్వాత చూస్తే ఆ అమ్మాయి మీద కొత్త కేసేదీ లేదు. అతను గిడ్డంగిలో దొంగతనం చేసి ఎనిమిదేళ్ళ శిక్ష అనుభవిస్తున్నాడు.

ఒక్క ఉదంతంతో తేల్చకూడదు, నిజమే. మొత్తం లెక్క చూసినా అదే కనిపించింది. తర్వాత ఏ నేరమూ చేయని నల్లవాళ్ళలో నూటికి దాదాపు 45 మందికి ప్రమాదకరం అన్న ముద్ర పడింది. తెల్లవాళ్ళలో ఆ సంఖ్య 23. కంపెనీ దీనికి జవాబు చెప్పింది. ఆ జవాబును కొట్టిపారేయడానికి లేదు. ఒకే స్కోరు వచ్చిన నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ దాదాపు ఒకే పాళ్ళలో మళ్ళీ నేరం చేస్తున్నారు, కాబట్టి మా స్కోరు సమానంగానే ఉందన్నారు. ఇద్దరూ చెప్పింది నిజమే! ఆ తర్వాత గణిత శాస్త్రవేత్తలు ముందుకొచ్చి ఒక సంగతి నిరూపించారు. రెండు వర్గాల్లో అరెస్టుల పాళ్ళు మొదటి నుంచీ వేరుగా ఉన్నప్పుడు, జోస్యం నూటికి నూరుపాళ్ళూ ఫలిస్తే తప్ప, ఈ రెండు రకాల సమానత్వాలనూ ఒకే స్కోరులో ఇమడ్చడం కుదరదు. ఏదో ఒకటి వదులుకోక తప్పదు. ఏది వదులుకోవాలన్నది నీతికి సంబంధించిన నిర్ణయం. దాన్ని శాసనసభలో అందరి ముందూ వాదించుకుని తేల్చుకోవాలి. ఇక్కడ ఒక కంపెనీ గదిలో నలుగురు ఇంజినీర్లు కూర్చుని తేల్చేశారు. జడ్జికీ తెలియదు, ముద్దాయికీ తెలియదు.

మళ్ళీ ‘మెర్సీ’ దగ్గరకు వస్తాను. చూడనివాళ్ళు మన్నించాలి, కథలో ఒక గుట్టు చెప్పక తప్పదు. ఆ కోర్టు మొట్టమొదట మరణశిక్ష అమలు చేసిన మనిషి నిర్దోషి అని చివరికి బయటపడుతుంది. అతన్ని కాపాడగలిగిన సాక్ష్యం ఉంది. అది పోలీసుల చేతుల్లోనే ఆగిపోయింది, న్యాయమూర్తి దాకా చేరలేదు. నగరంలోని ప్రతి కెమెరానూ చూడగలిగిన యంత్రం, తనకు అందని కాగితాన్ని మాత్రం చూడలేకపోయింది. ఈ సినిమా మొత్తంలో నాకు నచ్చిన ఆలోచన ఇదొక్కటే. కానీ సినిమా దాన్ని పట్టించుకోకుండా తుపాకులు, ట్రక్కు ఛేజుల వైపే పరిగెత్తింది. ఆఖరికి యంత్ర న్యాయమూర్తి హీరో పక్షాన నిలబడి మంచిదనిపించుకుంటుంది. చచ్చిపోయిన ఆ మొదటి ముద్దాయి కుటుంబానికి ఎవరు జవాబు చెబుతారన్న ప్రశ్న అక్కడే ఉండిపోయింది.

యంత్రం లోపల తప్పు ఉండి, బయట అందరూ దాన్ని నమ్మితే ఏమవుతుందో చెప్పడానికి కల్పన అక్కర్లేదు. బ్రిటన్‌లో తపాలా శాఖ ఇరవై అయిదేళ్ళ కిందట ‘హొరైజన్’ అనే కంప్యూటర్ వ్యవస్థ పెట్టింది. అక్కడ చిన్న పోస్టాఫీసులను నడిపేవాళ్ళు చాలామంది చిన్న దుకాణదారులు. సరుకుల కొట్టు ఒక పక్క, పోస్టాఫీసు కౌంటరు ఒక పక్క. సాయంత్రం లెక్క చూసుకుంటే డబ్బు తగ్గినట్టు కంప్యూటర్ చూపించేది. సహాయం కోసం ఫోను చేస్తే, ఈ ఇబ్బంది ఇంకెవరికీ లేదు, మీ ఒక్కరికే వస్తోందని చాలామందికి జవాబొచ్చింది. సొంత డబ్బు కట్టారు, ఇళ్ళు తాకట్టు పెట్టారు. చివరికి దొంగలని కేసులు పడ్డాయి. తొమ్మిది వందల మందికి పైగా దోషులుగా ముద్రపడ్డారు. కడుపుతో ఉన్న ఒకావిడను కూడా జైలుకు పంపారు. కొందరు ప్రాణాలు తీసుకున్నారు. అక్కడి చట్టం ప్రకారం, కాదని ఎవరైనా చూపిస్తే తప్ప కంప్యూటర్ సరిగ్గా పనిచేసినట్టే కోర్టు భావించేది. కాదని చూపించే సామాన్యుడెవడు? ఎలా చూపిస్తాడు? వేల్స్‌లో ఒక చిన్న పోస్టాఫీసు నడిపిన ఆలన్ బేట్స్ మిగతా బాధితులను కూడగట్టి దాదాపు ఇరవై ఏళ్ళు పోరాడాడు. 2019 డిసెంబరులో ఆ వ్యవస్థలో లోపాలున్నాయని హైకోర్టు తేల్చింది. 2024లో పార్లమెంటు ప్రత్యేకంగా చట్టం చేసి వందలాది శిక్షలను ఒకేసారి రద్దు చేసింది. హొరైజన్ కృత్రిమ మేధ కూడా కాదు. కూడికలు, తీసివేతలు చేసే మామూలు ప్రోగ్రాము.

మన దగ్గర కంప్యూటర్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను కింద ధ్రువపత్రం జత చేయాలి. మంచి నియమం. కానీ ఆ పత్రం చెప్పేది ఈ రికార్డు ఫలానా యంత్రంలోంచి వచ్చింది, యంత్రం సక్రమంగా నడుస్తోంది అని. లోపలి ప్రోగ్రాము కట్టిన అంచనా న్యాయమైనదేనా అన్నది ఆ పత్రానికి అందని విషయం.

శ్రోతలారా, ఈ భయాన్ని ఎప్పుడో డెబ్భై ఏళ్ళ కిందటే పట్టుకున్న రచయిత ఒకడున్నాడు. ఫిలిప్ కె. డిక్. 1956 జనవరిలో ‘ఫెంటాస్టిక్ యూనివర్స్’ పత్రికలో ‘ది మైనారిటీ రిపోర్ట్’ అనే కథ రాశాడు. 2002లో స్పీల్‌బర్గ్ దాన్ని టామ్ క్రూజ్‌తో సినిమా తీశాడు. భవిష్యత్తు చూడగలిగిన ముగ్గురు మనుషులు. వాళ్ళు జరగబోయే హత్యను ముందే చూస్తారు. వెంటనే పోలీసులు వెళ్ళి, ఇంకా చేయని హత్యకు మనిషిని పట్టుకెళతారు. స్పీల్‌బర్గ్ సినిమాలో ఒక దృశ్యం మరిచిపోలేం. ఒక యంత్రం చిన్న చెక్క బంతి మీద పేరు చెక్కుతుంది. అది గాజు గొట్టంలో దొర్లుకుంటూ వచ్చి పోలీసుల ముందు ఆగుతుంది. చెక్కలోని గీతలు ఏ రెండు బంతులకూ ఒకేలా ఉండవు కాబట్టి ఎవరూ దొంగ బంతి చేయలేరని ఆ ఏర్పాటు. అంత జాగ్రత్త! ఒకరోజు ఆ బంతి మీద ఆ విభాగం అధిపతి జాన్ ఆండర్టన్ పేరే వస్తుంది.

డిక్ కథలో అసలు కీలకం కథ పేరులోనే ఉంది. ముగ్గురూ ప్రతిసారీ ఒకే మాట చెప్పరు. ఇద్దరు ఒకటి చూస్తే మూడోవారు ఇంకొకటి చూడవచ్చు. ఇద్దరి మాటే లెక్క. మూడో నివేదికను పక్కకు తోసేస్తారు. సినిమాలో అయితే దాన్ని చెరిపేస్తారు. ప్రజలకు వ్యవస్థ మీద అనుమానం రాకూడదు కదా. ఆ మూడో నివేదికలో ముద్దాయి హత్య చేయని భవిష్యత్తు ఉంటుంది. ఇవాళ్టి కృత్రిమ మేధ పనిచేసే తీరు చూస్తే డిక్ ఎంత దూరం చూశాడో అనిపిస్తుంది. లక్షల తీర్పులు చదివి ఎక్కువమంది ఎటు మొగ్గారో నేర్చుకునే యంత్రానికి, ఒంటరిగా నిలబడ్డ తీర్పు ఒక లెక్కలోకి రాని పొరపాటు.

మరి మన న్యాయచరిత్రలో ఒంటరి తీర్పులు ఏం చేశాయి? రాజమండ్రిలో పుట్టి, ఆంధ్ర రాష్ట్ర హైకోర్టు గుంటూరులో ఉన్నప్పుడు దానికి మొదటి ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసి, తర్వాత భారత ప్రధాన న్యాయమూర్తి అయిన కోకా సుబ్బారావుగారు మనవారు. 1962 డిసెంబరులో ఖరక్ సింగ్ కేసు ఆయన ఉన్న ధర్మాసనం ముందు తీర్పుకు వచ్చింది. ఖరక్ సింగ్ ఉత్తరప్రదేశ్ మనిషి. 1941లో ఒక దోపిడీ కేసులో పట్టుకున్నారు, సాక్ష్యం లేక వదిలేశారు. అయినా పోలీసులు అతని పేరు మీద హిస్టరీ షీటు తెరిచారు. మన స్టేషన్లలో రౌడీ షీటు అంటామే, ఆ తరహాదే. రాత్రిళ్ళు కానిస్టేబుళ్ళు ఇంటికొచ్చి తలుపు బాది లేపి, ఉన్నాడా లేడా చూసుకునేవారు. ఊరు దాటితే వెంట నిఘా. ఏ నేరమూ రుజువు కాలేదు. చేయవచ్చునన్న అనుమానమే ఆధారం. ఫిలిప్ డిక్ కథకీ ఈ కేసుకీ మధ్య ఆరేడేళ్ళే తేడా.

ఆరుగురు న్యాయమూర్తుల్లో నలుగురు రాత్రి సోదాలను కొట్టేశారు, మిగతా నిఘాను మాత్రం ఉండనిచ్చారు. వ్యక్తిగత గోప్యత రాజ్యాంగం హామీ ఇచ్చిన హక్కు కాదన్నారు. సుబ్బారావుగారు, జస్టిస్ షాతో కలిసి, వేరే తీర్పు రాశారు. గోప్యత వ్యక్తి స్వేచ్ఛలో విడదీయరాని భాగమని, వెనకాలే పోలీసు నీడ తిరుగుతుంటే మనిషి స్వేచ్ఛగా ఉన్నట్టు కాదని, ఆ నిఘా మొత్తం రాజ్యాంగ విరుద్ధమని తేల్చారు. అల్పసంఖ్యాకుల తీర్పు కాబట్టి అది ఆనాడు చెల్లలేదు. యాభై నాలుగేళ్ళు గడిచాయి. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కని ఏకగ్రీవంగా ప్రకటిస్తూ, సుబ్బారావుగారు చెప్పిందే సరైనదని ఒప్పుకుంది. అప్పటికి ఆయన కన్నుమూసి నలభై ఏళ్ళు దాటింది. 1963లో ఒక యంత్రానికి మన తీర్పులన్నీ నేర్పించి ఉంటే అది ఖరక్ సింగ్ మెజారిటీ తీర్పును అప్పజెప్పేది. సుబ్బారావుగారి మాటను ఎన్నటికీ రాసి ఉండేది కాదు.

యంత్రం వద్దే వద్దని నేను అనడం లేదు. మన కోర్టుల్లో పెండింగులో ఉన్న కేసులు అయిదు కోట్లు దాటాయి. జైళ్ళలో ఉన్న ప్రతి నలుగురిలో సుమారు ముగ్గురు ఇంకా విచారణ ఖైదీలే. వాయిదా మీద వాయిదా పడి బెయిలు లేక మగ్గేవాళ్ళకు ఆలస్యమే పెద్ద శిక్ష. మనుషులైన జడ్జీలకు పక్షపాతాలు ఉండవా అంటే ఉంటాయి. అలసట ఉంటుంది, కోపం ఉంటుంది. అందుకే తీర్పులో కారణాలు రాయమంది చట్టం. రాసిన కారణం తప్పని పైకోర్టులో వాదించవచ్చు. పక్షపాతానికి ఒక పేరు, ఒక సంతకం ఉంటాయి. సుప్రీంకోర్టు 2019లో తెచ్చిన ‘సువాస్’ అనే ప్రోగ్రాము తీర్పులను భారతీయ భాషల్లోకి అనువదిస్తుంది. మన తీర్పు మన తెలుగులో చదువుకోగలగడం ఎంత మేలు! అలాంటి పనులకు యంత్రాన్ని రెండు చేతులా ఆహ్వానించాలి. 2025 జులైలో కేరళ హైకోర్టు జిల్లా కోర్టులకు ఒక విధానం ప్రకటించింది. కృత్రిమ మేధను సహాయానికి వాడుకోవచ్చు, నిర్ణయానికి, తీర్పుకు వాడరాదని స్పష్టంగా రాసింది. నా దృష్టిలో గీత గీయాల్సింది సరిగ్గా అక్కడే.

ఈ స్కోర్ల సంగతి అమెరికా గొడవ, మనకెందుకులే అనుకోవడానికి వీల్లేదు. తెలంగాణలో ‘సమగ్ర వేదిక’ అనే ప్రోగ్రాము ప్రభుత్వ రికార్డులన్నీ కలిపి చూసి, ఎవరు రేషన్ కార్డుకు అర్హులో తేల్చడానికి సాయపడింది. హైదరాబాద్‌లో ఒక ముసలావిడ. భర్త రిక్షా తొక్కి బతికి, క్యాన్సర్‌తో పోయాడు. మీ ఇంట్లో కారుంది, కార్డు ఇవ్వం అన్నారు. ఆయన పేరును పోలిన ఇంకొకాయనకు కారుంది. యంత్రం ఇద్దరినీ ఒకరనుకుంది. కారు లేదని రుజువు చేసుకోవాల్సిన పని ఆవిడ నెత్తిన పడింది. హైకోర్టు దాకా వెళ్ళాక గానీ న్యాయం దక్కలేదు. రాష్ట్రంలో రద్దయిన సుమారు 19 లక్షల కార్డులను ఇంటింటికీ వెళ్ళి మళ్ళీ పరిశీలించమని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఇది బియ్యం సంగతి. రేపు అదే తీరు లెక్క బెయిలు దరఖాస్తు మీద పడితే, ముఖాలు గుర్తుపట్టే కెమెరా ఒకరిని చూసి ఇంకొకరనుకుంటే, పోయేది బియ్యం కాదు, మనిషి.

కాబట్టి న్యాయవిద్య చదువుతున్న పిల్లలకు, కొత్తగా నల్లకోటు వేసుకున్న ప్లీడర్లకు ఒక్క మనవి. మీ కక్షిదారు ఫైల్లో ఎప్పుడైనా ఒక స్కోరో, ఒక శాతమో, ‘సిస్టమ్ గుర్తించింది’ అన్న మాటో కనిపిస్తే దాన్ని దాటి వెళ్ళకండి. ఆ అంకె ఎవరు కట్టారు, ఏ రికార్డులు చూసి కట్టారు, ఎన్నిసార్లు తప్పింది అని రాతపూర్వకంగా అడగండి. సాక్షిని బోనెక్కించి అడ్డు ప్రశ్నలు వేసినట్టే ఆ ప్రోగ్రాము తయారుచేసినవాళ్ళనూ పిలిపించమని పిటిషన్ వేయండి. వ్యాపార రహస్యం అంటే ఒప్పుకోకండి. కొట్టేస్తే పైకోర్టుకు వెళ్ళండి. మీ బార్ అసోసియేషన్లలో ఈ విషయం మీద ఒక పూట చర్చ పెట్టండి. కృత్రిమ మేధను క్రిమినల్ కోర్టుల్లో ఎంతవరకు వాడవచ్చో చెప్పే చట్టం కావాలని మీ ఎమ్మెల్యేను, మీ ఎంపీని అడగండి. అలాంటి యంత్రాలు కోర్టు హాల్లోకి వచ్చాక అడగడం కన్నా, గుమ్మం అవతల ఉన్నప్పుడే అడగడం మేలు.